సవరణి డైరీ: ఐటమ్ మాస్టర్‌లో జీఎస్టీ మార్చే టూల్‌కు తెలుగు గైడు

సెప్టెంబర్ 6, 2025, శనివారం

పని ఒప్పుకున్నాను. మూడో తేదీ రాత్రి జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం నిర్ణయాలు బయటికొచ్చినప్పటి నుంచి విజయవాడ ఆటోనగర్‌లో ఎవరిని కదిపినా ఇదే మాట. 12, 28 శాతం శ్లాబులు పోతున్నాయి. వాటిలో ఉన్న సరుకు చాలావరకు 5లోకో 18లోకో వస్తుంది, కొన్నిటికి మాత్రం 40. అమలు సెప్టెంబర్ 22 నుంచి. చేతిలో ఉన్నది పదహారు రోజులు.

మేం సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే షాపు ట్రాక్టర్ పార్టులు, కారు పార్టులు, టైర్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్‌ది. యజమాని ఒకరే, ఫర్మ్‌లు రెండు. పార్టులకు ఒకటి, టైర్లకు ఒకటి అని మొదలైనా ఇప్పుడు చాలా ఐటమ్‌లు రెండు ఫర్మ్‌ల బిల్లుల్లోనూ వెళ్తున్నాయి. రెండిటి లెక్కలూ ఒకే ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఉన్నాయి. ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఐటమ్ మాస్టర్‌లో, అంటే అమ్మే సరుకుల జాబితాలో, 4,860 ఐటమ్‌లు. ఒక్కోటి తెరిచి, పన్ను మార్చి, సేవ్ చేయడానికి నిమిషం చొప్పున వేసుకున్నా 81 గంటలు. అకౌంట్స్‌లో మేడమ్ ఒక్కరే ఉన్నారు. పగలంతా బిల్లులు కొట్టాలి, నెలవారీ రిటర్నులు చూసుకోవాలి.

మా డెవలపర్ అన్న ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకో సాఫ్ట్‌వేర్ మాట్లాడే దారి) ద్వారా మార్చే చిన్న టూల్ రాస్తున్నాడు. పేరు సవరణి. ఎక్సెల్ షీటులో ఐటమ్ కోడు, కొత్త రేటు ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. దానికి గైడు రాయడం నా వంతు. నేను పెట్టిన షరతు ఒకటే: గైడు తెలుగులో ఉండాలి, మేడమ్ మాకు ఫోన్ చేయకుండా అది చూసి టూల్ నడపగలగాలి. యజమాని ఒప్పుకుని, "మీ ఇష్టం బాబూ, 22 పొద్దున మాత్రం నా బిల్లు ఆగకూడదు" అన్నారు. ఆ రోజే దసరా నవరాత్రులు మొదలు. కొండ మీదికి వచ్చే జనంతో ఊరంతా నిండిపోయే రోజు. ఆ రోజు ఎవరినీ పిలిపించుకోలేం.

సెప్టెంబర్ 8, సోమవారం

బ్యాకప్ తీసి వేరే సర్వర్ మీద ఎక్కించాం. ఇక నుంచి అదే మా టెస్ట్ సైటు. నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఆ సైటులో నా చేత్తో చేసి చూడనిది గైడులో ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. అన్న చెప్పింది విని రాస్తే అన్నకు తెలిసినంతే వస్తుంది. మేడమ్‌కు ఎక్కడ తడబాటు వస్తుందో అన్నకు తెలియదు, నాకూ తెలియదు.

ఇవాళ తాళాల సంగతి రాశాను. ఏపీఐ నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనకూ ఒక కీ, ఒక సీక్రెట్ జతగా ఉండాలి. యూజర్ పేజీలో సెట్టింగ్స్ కింద, ఏపీఐ యాక్సెస్ దగ్గర, జనరేట్ కీస్ నొక్కితే అవి పుడతాయి. సీక్రెట్ ఒక్కసారే కనిపిస్తుంది. ఆ కిటికీ మూసేస్తే మళ్లీ చూడలేం, కొత్తది పుట్టించుకోవాలి. అన్న మొదట మేడమ్ యూజర్ మీదే కీ తీశాడు. నేను వద్దన్నాను. ఏ మార్పు ఎవరు చేశారో ఐటమ్ పేజీ కింద వరసగా కనిపిస్తుంది కదా. టూల్ చేసినవన్నీ మేడమ్ పేరుతో పడితే, రేపు ఏదైనా తేడా వస్తే ఆమే చేసినట్టు ఉంటుంది. అందుకని సవరణి అనే పేరుతోనే వేరే యూజర్‌ను తెరిచి, ఐటమ్‌లు మార్చే రోల్ మాత్రం ఇచ్చాం. బిల్లులు, పేమెంట్ల జోలికి ఆ తాళంతో వెళ్లలేం. కీకి ఉండే హక్కులు ఆ యూజర్‌కు ఉన్న హక్కులే, అంతకు మించి ఉండవు. గైడు మొదటి పేజీలో ఈ మాట పెద్ద అక్షరాల్లో పెట్టాను.

మార్పుకు ముందున్న స్థితి షీటు కూడా ఇవాళే తీయించాను. తెరిచి చూస్తే 20 ఐటమ్‌లే ఉన్నాయి. కాసేపు గాబరా పడ్డాం. ఎన్ని కావాలో చెప్పకుండా జాబితా అడిగితే మొదటి 20 మాత్రమే ఇవ్వడం ఆ ఏపీఐ పద్ధతి. పరిమితి సున్నా అని పంపితే అన్నీ వస్తాయి. అన్న ఆ లైను సరిచేశాడు. గైడులో నేను చేర్చిన వాక్యం: "షీటు చివరి వరస నంబరు, ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఐటమ్ లిస్టు చూపించే మొత్తం ఒకటేనా చూడండి. కాకపోతే ముందుకు వెళ్లొద్దు."

సెప్టెంబర్ 9, మంగళవారం

మార్చే పని ఎలా జరుగుతుందో ఇవాళ రాశాను. ఐటమ్‌ను చదవడానికి పంపే అభ్యర్థన పేరు గెట్, మార్చడానికి పంపేది పుట్. చిరునామాలో ఐటమ్ కోడు ఉంటుంది, లోపల మార్చాల్సిన ఫీల్డులు మాత్రం ఉంటాయి. పంపని ఫీల్డులు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. వేరే చోట్ల పుట్ అంటే మొత్తం రికార్డును కొత్తదానితో మార్చేయడం. ఇక్కడ అలా కాదు కాబట్టి, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ల కోసం ఈ తేడాను చివరి పేజీలో విడిగా రాశాను.

తర్వాత కావాలని తప్పులు చేయడం మొదలుపెట్టాను. ఐటమ్ వివరణ ఫీల్డు పేరులో ఒక అక్షరం తప్పు రాసి పంపాను. ఎర్రర్ వస్తుందనుకున్నాను. 200 వచ్చింది. 200 అంటే పని సవ్యంగా అయిందని. ఐటమ్ తెరిచి చూస్తే వివరణలో ఏ మార్పూ లేదు. తనకు తెలియని ఫీల్డు పేరు వస్తే సిస్టం దాన్ని పక్కన పెట్టి మిగతాది సేవ్ చేసింది. పంపినదాంట్లో ఇంకేమీ లేదు కాబట్టి, మారింది ఏమీ లేదు.

గంటసేపు అదే తెర చూస్తూ కూర్చున్నాను. టూల్ రిపోర్టులో 4,860 వరసల పక్కనా పచ్చ టిక్కు పడి, ఒక్క ఐటమ్ కూడా మారకపోవడానికి ఒక అక్షరం చాలు. 22 పొద్దున కౌంటర్ దగ్గర రైతు నిలబడి ఉండగా పాత రేటుతో బిల్లు వస్తే, అప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం అన్నకు చూపించాను. "200 వస్తే పచ్చ టిక్కు వేయకు అన్నా. మార్చాక మళ్లీ గెట్ చేసి, షీటులో అడిగిందీ ఐటమ్‌లో ఉన్నదీ ఒకటైతేనే వెయ్యి" అన్నాను. ఒక్కో ఐటమ్‌కు రెండు రౌండ్లు అవుతాయి, టైము పెరుగుతుంది అన్నాడు. పెరగనీ అన్నాను. రాత్రికి మార్చి పంపాడు. రిపోర్టులో ఇప్పుడు మూడు కాలమ్‌లు: ముందు, అడిగింది, తర్వాత.

సెప్టెంబర్ 11, గురువారం

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇవాళ్టి పేజీ నాకు ముఖ్యమైనది.

ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఐటమ్‌కు పన్ను ఒక గడిలో ఉండదు. ఐటమ్ లోపల పన్నుల టేబుల్ ఒకటి ఉంటుంది. ఒక్కో వరసలో పన్ను టెంప్లేటు (ఎంత శాతమో ముందే రాసి పెట్టుకున్న నమూనా), అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో చెప్పే గడి ఉంటాయి. టెంప్లేటు ఒక ఫర్మ్‌కే చెందుతుంది, పేరు చివర ఆ ఫర్మ్ పొట్టి పేరు తగిలి ఉంటుంది. మా షాపుకు రెండు ఫర్మ్‌లు కాబట్టి చాలా ఐటమ్‌లకు రెండు వరసలు ఉన్నాయి.

అన్న రాసిన మొదటి పద్ధతిలో, 5 శాతం టెంప్లేటుతో ఒక కొత్త వరసను పుట్‌లో పంపడమే. ట్రాక్టర్ క్లచ్ ప్లేటు మీద నడిపాను. 200 వచ్చింది, తిరిగి చదివితే 5 శాతం వరస ఉంది, పచ్చ టిక్కూ పడింది. అంతా బాగున్నట్టే కనిపించింది. అలవాటుగా ఐటమ్ తెరిచి చూస్తే టేబుల్‌లో ఒకే ఒక్క వరస. పాత 18 శాతం వరస లేదు. రెండో ఫర్మ్ వరసా లేదు.

మామూలు ఫీల్డులను పంపకపోతే అలాగే ఉంటాయి. లోపలి టేబుల్‌ను పంపితే మాత్రం, నువ్వు పంపిన వరసలే ఆ టేబుల్. పంపని వరసలు తుడిచిపెట్టుకుపోతాయి. వరసకు ఉండే సొంత ఐడీతో సహా పంపినవి నిలుస్తాయి, ఐడీ లేకుండా పంపినవి కొత్తగా చేరతాయి. అంటే మూడు వరసలు ఉండాలనుకుంటే మూడూ పంపాలి.

పాత వరస పోతే ఏమవుతుందని అన్న అడిగాడు. ఎలాగూ 22 నుంచి 5 శాతమే కదా అన్నాడు. 22కు ముందు తేదీల సంగతేంటి అన్నాను. సరుకు ముందు వచ్చి, సప్లయర్ బిల్లు వారం తర్వాత చేతికందడం ఆటోనగర్‌లో రోజూ ఉన్నదే. సెప్టెంబర్ 19 తేదీతో ఉన్న 18 శాతం కొనుగోలు బిల్లు 25న ఎంట్రీ వేస్తే, ఐటమ్‌లో 18 లేకపోతే ఎలా?

ఇద్దరం కూర్చుని తేదీ గడి ఎలా పనిచేస్తుందో పరీక్షించాం. పాత వరసలో తేదీ ఖాళీగా వదిలేశాం. కొత్త వరసకు 22-09-2025 ఇచ్చాం. సెప్టెంబర్ 21 తేదీతో అమ్మకం బిల్లు కొడితే 18 వచ్చింది. 22 తేదీతో కొడితే 5 వచ్చింది. తేదీ ఉన్న వరసల్లో ఆ రోజుకు చెల్లేది ఉంటే సిస్టం దాన్ని తీసుకుంటుంది, లేకపోతే తేదీ లేని వరసకు వెళ్తుంది. కొనుగోలు బిల్లులో అయితే మనం ఎంట్రీ వేసిన రోజు కాకుండా, సప్లయర్ బిల్లు తేదీ ఇస్తే ముందు దాన్నే చూస్తుంది. మాకు కావాల్సింది అదే.

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. 21 అర్ధరాత్రి దాకా ఆగి టూల్ నడపాల్సిన పని లేదు. కొత్త వరసకు తేదీ ఉంది కాబట్టి రెండు మూడు రోజుల ముందే నడిపేయొచ్చు. 21 దాకా బిల్లులు పాత రేటుతోనే వస్తాయి. యజమానికి ఈ ముక్క చెప్పగానే ఆయన టెన్షన్ సగం తగ్గింది.

సవరణి పద్ధతి మారింది: ముందు ఐటమ్ చదువుతుంది, ఉన్న వరసలన్నీ అలాగే ఉంచుతుంది, ఆ ఫర్మ్‌కు అదే తేదీతో కొత్త వరస లేకపోతేనే చేరుస్తుంది, మొత్తం తిరిగి పంపుతుంది. ఈ "లేకపోతేనే" అనేది నేను అడిగి పెట్టించాను. మధ్యలో కరెంటు పోయి టూల్ మళ్లీ మొదటి నుంచి నడిపినా ఒకే వరస రెండుసార్లు పడకూడదు.

గైడులో దీన్ని ఎలా చెప్పాలో తేలడానికి సాయంత్రమైంది. చివరికి కిరాణా చీటీ దొరికింది. "పచ్చారీ కొట్టుకు ఫోన్ చేసి, రాయించిన చీటీలో ఒక వస్తువు కలపమంటే కలుపుతాడు. మనమే కొత్త చీటీ రాసి పంపితే, పాత చీటీ పక్కన పడేసి కొత్తదాంట్లో ఉన్నవే కడతాడు. ఐటమ్ లోపలి టేబుల్‌కు మనం ఎప్పుడూ పంపేది కొత్త చీటీనే. కాబట్టి పాతవన్నీ ఎక్కించి, చివర కొత్తది రాసి పంపాలి." మేడమ్‌కు వాట్సాప్‌లో పంపితే, "ఇది అర్థమైంది" అని జవాబు వచ్చింది. ఇప్పటిదాకా నేను పంపినవాటికి ఆమె బొటనవేలు గుర్తు మాత్రమే పెట్టేవారు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

షీటు నింపే పద్ధతి.

హెచ్‌ఎస్‌ఎన్ కోడును (జీఎస్టీలో సరుకు రకానికి ఉండే నంబరు) బట్టి ఒక్క దెబ్బకు మార్చేయొచ్చు కదా అని యజమాని కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఈ షాపులో అది కుదరదు. 8708 కింద కారు పార్టులూ ఉన్నాయి, ట్రాక్టర్ పార్టులూ ఉన్నాయి. కారువి 28 నుంచి 18కి వస్తున్నాయి. ట్రాక్టర్‌కు చెందిన రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకుల వంటివి 18 నుంచి 5కి వస్తున్నాయి. 4011 కింద టైర్లదీ అదే కథ: కారు టైరు 28 నుంచి 18, ట్రాక్టర్ వెనక టైరు 18 నుంచి 5. మొదటి నాలుగు అంకెలు ఒకటే, చివరికి పన్ను వేరు. బేరింగులు, ఇంజిన్ ఆయిల్ మాత్రం 18లోనే ఉన్నాయి, వాటిని ముట్టుకోకూడదు.

దీంట్లో ఇంకో గుంట ఉంది. "28 ఉన్నవన్నీ 18 చెయ్యి, తర్వాత 18 ఉన్నవన్నీ 5 చెయ్యి" అని ఎవరైనా రెండు మెట్లలో నడిపితే, మొదటి మెట్టులో 18కి దిగిన కారు పార్టులన్నీ రెండో మెట్టులో 5కి జారిపోతాయి. అసలే 18లో ఉండాల్సిన బేరింగులు కూడా వాటి వెంట పోతాయి. తక్కువ పన్ను వసూలు చేసిన తేడా షాపు జేబులోంచే కట్టాలి. అందుకే సవరణిలో "దీన్నుంచి దానికి" అనే ఆప్షనే లేకుండా చేశాం. షీటులో ఐటమ్‌కు ఒక వరస, దాని పక్కన చివరికి ఉండాల్సిన రేటు. అంతే.

ఏది ట్రాక్టర్‌ది, ఏది కారుది అని ఎవరు చెప్పాలి? కౌంటర్ మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్న బాబాయ్ చెప్పాలి. మధ్యాహ్నం నుంచి ఆయన పక్కనే కూర్చున్నాను. నేను కోడు చదువుతుంటే, "అది బండిది... అది ట్రాక్టర్‌ది... అది రెండిటికీ పడుద్ది, పక్కన పెట్టు" అంటూ పోయారు. ఆయన దగ్గర ఏ కంప్యూటరూ లేదు. రెండిటికీ పడే 63 ఐటమ్‌లు విడిగా రాసి ఆడిటర్ గారికి పంపాం. గైడులో ఆ మెట్టును కూడా పెట్టాను: "సందేహం ఉన్న ఐటమ్‌కు రేటు గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడిని టూల్ ముట్టుకోదు."

సెప్టెంబర్ 13, శనివారం

మేడమ్‌తో మొదటి పరీక్ష. నేను పక్కన కూర్చుని నోరు విప్పకుండా చూడాలి. ఇంత కష్టమని అనుకోలేదు.

మొదటి పేజీలోనే ఆగారు. "రికార్డును నవీకరించుటకు" అని రాశాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, "నవీకరించడం అంటే రెన్యువలా?" అని అడిగారు. లైసెన్సు రెన్యువల్ గుర్తొచ్చిందట. ఈ షాపులో ఎవరూ రికార్డు అనరు, నవీకరణ అసలే అనరు. ఐటమ్ అంటారు, ఎంట్రీ అంటారు. బిల్లు కొడతారు, ఎంట్రీ వేస్తారు, రేటు మారుస్తారు. తెలుగులో రాస్తున్నానని సంబరపడి, ఎవరూ మాట్లాడని తెలుగు రాశాను. రాత్రి కూర్చుని గైడు అంతా ఆమె మాటల్లోకి మార్చాను. "చైల్డ్ టేబుల్" పోయి "లోపలి పన్నుల టేబుల్" వచ్చింది. "పారామీటర్" పోయింది. "ఏపీఐ" ఒక్కటి ఉంచాను, "టూల్, ఈఆర్‌పీనెక్స్ట్ మాట్లాడుకునే దారి" అని ఒకసారి చెప్పి. ఆ మాటే ఆమెకు ఎర్రర్ తెర మీద కనిపిస్తుంది కాబట్టి గైడులోనూ ఉండాలి.

రెండోసారి ఆగింది రిహార్సల్ దగ్గర. టూల్ ఏమీ మార్చకుండా, ఏమేం మారుస్తుందో చూపించే మోడ్ అది. అది నడిపి, "అయిపోయిందా?" అన్నారు. తెర చూస్తే నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు రిహార్సల్ రిపోర్టు పైన "ఇంకా ఏమీ మారలేదు" అని ఎర్రగా వస్తుంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

ఇవాళ దొరికింది అన్నిటికన్నా భయపెట్టేది.

కొన్ని ఐటమ్ కోడుల్లో # గుర్తు ఉంది. పాతకాలం నుంచి బాబాయ్ పెట్టుకున్న పద్ధతి: 4412 అంటే అసలు కంపెనీది, 4412#2 అంటే అదే పార్టు వేరే కంపెనీది. 4412#2ను మార్చమని టూల్‌కు ఇచ్చాను. 4412 మారింది. వెబ్ చిరునామాలో # తర్వాత ఉన్నది సర్వర్ దాకా వెళ్లదు. అందుకని సర్వర్‌కు అందింది 4412 ఒక్కటే. ఆ పేరుతో ఐటమ్ నిజంగానే ఉంది, పాపం మార్చేసింది. తిరిగి చదివినప్పుడు కూడా అదే దారిలో 4412నే చదివింది కాబట్టి పచ్చ టిక్కు పడింది. తొమ్మిదో తేదీన ఎంతో నమ్మకంగా పెట్టించిన తనిఖీ దీన్ని పట్టుకోలేకపోయింది.

మందు చిన్నదే. కోడును చిరునామాలో పెట్టే ముందు ఇలాంటి గుర్తులన్నిటినీ %తో మొదలయ్యే సంకేతాలుగా మార్చి పంపాలి. # అయితే %23 అవుతుంది. అన్న పది నిమిషాల్లో సరిచేశాడు. దానితో పాటు, తిరిగొచ్చిన ఐటమ్ పేరు షీటులోని కోడుతో అక్షరం అక్షరం కలుస్తోందా అనే పరీక్ష కూడా చేర్చాడు. షీటులో వెతికితే # ఉన్న కోడులు 41 తేలాయి.

సెప్టెంబర్ 17, బుధవారం

విశ్వకర్మ పూజ. ఆటోనగర్ షెడ్లలో పొద్దుటి నుంచి పూజలు, లేతు మెషీన్లకు పూలదండలు. కేంద్రం కొత్త రేట్ల నోటిఫికేషన్ కూడా ఇవాళే ఇచ్చింది, 9/2025 నంబరుతో. ఆడిటర్ గారు అది చూసుకుని, పక్కన పెట్టిన 63 ఐటమ్‌లకు రేట్లు రాసి పంపారు. షీటు నిండింది.

సెప్టెంబర్ 18, గురువారం

ఎర్రర్ల పేజీ. మొదట నంబర్ల వరసలో రాశాను, తర్వాత కొట్టేసి, తెర మీద ఏం కనిపిస్తే ఏం చేయాలి అనే వరసలో మళ్లీ రాశాను. ఎర్రర్ చూసిన మనిషికి నంబరు వెతికే ఓపిక ఉండదు.

403 వస్తే ఆ యూజర్‌కు హక్కు లేదు. 404 వస్తే ఆ కోడుతో ఐటమ్ లేదు, సాధారణంగా ఎక్సెల్ కోడు ముందున్న సున్నాను మింగేసి ఉంటుంది, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. అసలు చెప్పాల్సింది 417 గురించి. ఈఆర్‌పీనెక్స్ట్ తన నియమానికి ఒప్పని చాలావాటికి ఈ నంబరే ఇస్తుంది. తప్పనిసరి గడి ఖాళీగా ఉన్నా 417, లేని టెంప్లేటు పేరు ఇచ్చినా 417. కాబట్టి నంబరు చూసి లాభం లేదు, దాని కింద ఉన్న మాట చదవాలి. మేం చూసిన మాటలన్నిటినీ తెర ఫొటోలతో పెట్టాను. ఎక్కువగా వచ్చింది టెంప్లేటు దొరకలేదన్నది. పేరులో 5కీ % గుర్తుకీ మధ్య ఖాళీ ఉన్నా అది వేరే పేరే.

ఇంకోటి, ఇద్దరు ఒకే ఐటమ్‌ను ఒకేసారి మార్చడం. టూల్ ఐటమ్ చదివిన తర్వాత, తిరిగి పంపే లోపు గోడౌన్ కుర్రాడు అదే ఐటమ్ మార్చి సేవ్ చేశాడనుకుందాం. మనం పంపే చీటీ పాతది. ఐటమ్‌ను చివరగా ఎప్పుడు మార్చారో చెప్పే సమయం కూడా మనం చదివినప్పటిదే కలిపి పంపితే, ఈ మధ్యలో ఎవరో మార్చారని సిస్టం పసిగట్టి ఆపేస్తుంది. ఆ సమయం పంపకపోతే అడగకుండా సేవ్ చేస్తుంది. మా టూల్ మొదట పంపేది కాదు. ఇప్పుడు పంపుతోంది. ఆగిన ఐటమ్‌లను చివర్లో మళ్లీ చదివి ప్రయత్నిస్తుంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

టెస్ట్ సైటులో నిజంగానే మారుస్తూ పూర్తి ట్రయల్, మేడమ్ చేతి మీదుగా. నేను పక్క గదిలో ఉన్నాను. ఫోన్ ఒకసారి మోగింది, తీస్తే టీ తాగుతారా అని. 4,860లో మార్పు అవసరమైనవి 3,912. అన్నిటికీ మూడు కాలమ్‌లు కలిశాయి. బాబాయ్‌ను పిలిచి, ఆయనకు నచ్చిన 50 ఐటమ్‌లు చెప్పమన్నాం. ఒక్కోదానికీ 21 తేదీతో ఒకటి, 22 తేదీతో ఒకటి డ్రాఫ్ట్ బిల్లు వేసి చూశాం. ఒక్క ఐటమ్ తేడా వచ్చింది. టూల్ తప్పు లేదు. షీటులో ట్రాక్టర్ రేడియేటర్‌కు 18 అని పడి ఉంది, ఆ రోజు బాబాయ్ చెబుతుంటే నేను టైప్ చేసిన వరస అది. గైడులో మరో మెట్టు చేరింది: షీటు నింపినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చూసి సంతకం పెట్టాలి.

సెప్టెంబర్ 20, శనివారం

షాపు మూశాక రాత్రి ఎనిమిదింటికి అసలు సైటులో. ముందు బ్యాకప్. తర్వాత ఒక ఐటమ్, తర్వాత పది, తర్వాత అన్నీ. గైడులో రాసిన వరసే. నడిపింది మేడమ్. నేనూ అన్నా వెనక కుర్చీల్లో ఉన్నాం. మధ్యలో ఏడు ఐటమ్‌లు ఆగాయి. గోడౌన్ కుర్రాడు అప్పుడే రాక్ నంబర్లు మారుస్తున్నాడట. రెండో విడతలో అవీ పడ్డాయి. పదిన్నరకు అయిపోయింది. రిపోర్టు ప్రింటు తీసి, చివరి పేజీ మీద మేడమ్ తేదీ వేసి సంతకం పెట్టారు.

సెప్టెంబర్ 22, సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లాను. మొదటి బిల్లు ట్రాక్టర్ క్లచ్ సెట్. 5 శాతం. తీసుకున్న ఆయన బిల్లు రెండుసార్లు చదువుకుని, "నిజంగానే తగ్గిందండీ" అన్నారు. రెండోది కారు బ్రేక్ ప్యాడ్లు, 18. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. బిల్లు ఒక్కటీ ఆగలేదు.

సెప్టెంబర్ 25, గురువారం

మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, సప్లయర్ బిల్లు 19 తేదీది, దాంట్లో 18 ఉంది. నేను ఎంట్రీ వేస్తుంటే 5 చూపిస్తోంది. గైడులో ఎక్కడుందో దొరకలేదు." వెతికాను. లేదు. పదకొండో తేదీన మేమిద్దరం పరీక్షించి, సంతోషపడి, డైరీలో రాసుకున్నదే. గైడులోకి ఎక్కలేదు. టూల్ గైడు కదా, బిల్లు ఎంట్రీ దానికి సంబంధం లేదనుకున్నానేమో.

"సప్లయర్ బిల్లు తేదీ గడి నింపారా మేడమ్?" అని అడిగాను. ఐటమ్‌లన్నీ వేశాక చివర్లో నింపడం ఆమె అలవాటు. ఆ ఎంట్రీ వదిలేసి, ముందు తేదీ వేసి, తర్వాత ఐటమ్ వేయమన్నాను. ఫోన్ అలాగే పట్టుకుని చేశారు. "ఆఁ, 18 వచ్చింది" అన్నారు.

గైడులో "కొత్త రేట్లు వచ్చాక బిల్లులు" అని కొత్త పేజీ తెరిచాను. మొదటి వాక్యం: "కొనుగోలు బిల్లు ఎంట్రీ వేసేటప్పుడు, ఐటమ్‌లు వేయడానికి ముందే సప్లయర్ బిల్లు మీదున్న తేదీ నింపండి."